ప్రాజెక్టు నివేదికలో రంగుల బొమ్మతో పాటు చేతి లెక్క కూడా ఉండాలి

సంపాదకులకు,

ఆర్యా,

బి.టెక్ చివరి సంవత్సరం ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే మన అనంతపురం, కర్నూలు, కడప పట్టణాల్లోని బైండింగ్ షాపుల ముందు విద్యార్థులు బారులు తీరుతారు. ఆ నివేదికల్లో, ముఖ్యంగా ఎలక్ట్రానిక్స్ శాఖవాటిలో, కెపాసిటివ్ ప్రెషర్ సెన్సర్ డయాఫ్రమ్ వంపును కంప్యూటర్ మీద సిమ్యులేట్ చేయడమనే అంశం దాదాపు ఏటా కనిపిస్తుంది. అంశం చాలా మంచిది. గణితం, పదార్థ విజ్ఞానం, విద్యుత్తు మూడూ ఒకేచోట కలిసే ఇలాంటి విషయం అండర్ గ్రాడ్యుయేట్ విద్యార్థికి దొరకడం అరుదు. అయితే దాన్ని మనం చేయిస్తున్న తీరు మాత్రం సరిగా లేదు. ఎలక్ట్రానిక్స్ బోధించేవాడిగా, వైవాలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్లివచ్చేవాడిగా నేను గమనించిన లోపాన్ని, పైసా ఖర్చు లేకుండా దాన్ని సరిదిద్దుకోగల మార్గాన్ని మీ పత్రిక ద్వారా అధ్యాపకుల ముందు, విద్యార్థుల ముందు, వారి తల్లిదండ్రుల ముందు ఉంచదలచాను.

ఈ రంగంతో పరిచయం లేని పాఠకుల కోసం ముందుగా నాలుగు మాటలు. కెపాసిటివ్ ప్రెషర్ సెన్సర్‌లో కింద కదలని ఒక ఎలక్ట్రోడ్ ఉంటుంది. దానికి రెండు మూడు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎత్తున, అంచుల వెంట గట్టిగా బిగించిన పలుచటి సిలికాన్ పొర ఉంటుంది. ఆ పొరనే డయాఫ్రమ్ అంటారు. పైనుంచి పీడనం పడితే పొర లోపలికి వంగుతుంది, రెండింటి మధ్య ఎడం తగ్గుతుంది, ఎడం తగ్గితే కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిల్వ చేసుకునే సామర్థ్యం, పెరుగుతుంది. ఆ పెరుగుదలను కొలిచి పీడనం ఎంతో చెబుతారు. అంటే ఇంత పీడనానికి ఈ పొర ఎక్కడెక్కడ ఎంత వంగుతుందన్న ఒక్క ప్రశ్న మీదే సెన్సర్ పనితనమంతా ఆధారపడి ఉంటుంది.

ఈ ప్రశ్నకు జవాబు కంప్యూటర్లు పుట్టకముందే ఉంది. పలుచటి పలకల కంపనాల మీద చేసిన కృషికి సోఫీ జెర్మేన్ అనే గణితవేత్త 1816లో ప్యారిస్ అకాడమీ బహుమతి పొందారు. పలక అంచుల దగ్గర ఏ షరతులు పెట్టాలన్న చిక్కుముడిని 1850లో విప్పింది, మన విద్యార్థులకు సర్క్యూట్ల నియమాల ద్వారా బాగా పరిచయమున్న కిర్కాఫే. అంచు పొడవునా బిగించిన గుండ్రటి పొరకు నడిమధ్య వంపు తెలియాలంటే, పీడనాన్ని వ్యాసార్ధపు నాలుగో ఘాతంతో గుణించి, పొర దృఢత్వానికి 64 రెట్లతో భాగించాలి. ఆ దృఢత్వం కావాలంటే యంగ్ గుణకాన్ని (పదార్థపు బిరుసుతనానికి కొలత) మందపు ఘనంతో గుణించి, 12తోనూ, ఒకటిలోంచి పాయిజాన్ నిష్పత్తి (ఒక దిశలో సాగదీస్తే పదార్థం అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పే సంఖ్య) వర్గాన్ని తీసివేయగా మిగిలినదానితోనూ భాగించాలి. ఇంటర్మీడియట్ లెక్కలు చేసిన పిల్లలకు ఇందులో అర్థంకానిది ఏదీ లేదు.

ఒక ఉదాహరణ తీసుకుంటాను. పొర వ్యాసార్ధం 250 మైక్రాన్లు, మందం 10 మైక్రాన్లు, కింది ఎలక్ట్రోడ్‌తో ఎడం 2 మైక్రాన్లు అనుకుందాం. సిలికాన్ యంగ్ గుణకం స్ఫటికంలో దిశను బట్టి సుమారు 130 నుంచి 188 గిగాపాస్కల్స్ దాకా మారుతుంది కాబట్టి మధ్యస్థంగా 160 తీసుకుందాం, పాయిజాన్ నిష్పత్తి 0.22 అనుకుందాం. 100 కిలోపాస్కల్స్ పీడనానికి నడిమధ్య వంపు 0.44 మైక్రాన్లు వస్తుంది. అదే పొర తయారీలో ఒక్క మైక్రాన్ పలుచబడి 9 మైక్రాన్లకు వస్తే వంపు 37 శాతం పెరుగుతుంది. వ్యాసార్ధం 5 శాతం పెరిగితే వంపు 21 శాతానికి పైగా పెరుగుతుంది. ఏ కొలతను ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలో సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఈ లెక్క చెప్పేస్తుంది.

ఇక మన నివేదికల సంగతి. ఒక కళాశాలలో వైవాకు వెళ్లినప్పుడు చూసిన నివేదికలో సరిగ్గా ఇలాంటి కొలతలే ఉన్నాయి. ఒక పేజీ నిండా ఇంద్రధనుస్సు రంగుల బొమ్మ ఉంది. అంచుల దగ్గర నీలం, నడుమ ఎరుపు, పక్కన నిలువు పట్టీ మీద చిన్న అక్షరాల్లో గరిష్ఠ వంపు 4.36 మైక్రాన్లని ఉంది. రెండు పేజీల ముందున్న పట్టికలో ఎడం 2 మైక్రాన్లని స్పష్టంగా రాసి ఉంది. అంటే ఆ పొర కింది ఎలక్ట్రోడ్‌ను తాకి, దాన్ని చీల్చుకుని ఇంకా రెండు మైక్రాన్లకు పైగా దిగిపోయిందన్నమాట. ఆ నివేదిక గైడ్ చేతుల మీదుగా, సమీక్షా కమిటీ చేతుల మీదుగా దాటి బైండింగ్ దాకా వచ్చింది. సాఫ్ట్‌వేర్ వంపును కంటికి కనిపించేలా పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి బొమ్మలో తేడా ఎవరి కంటా పడలేదు. ఆ విద్యార్థి చేతికి ఒక తెల్లకాగితం ఇచ్చి పైన చెప్పిన సూత్రంతో లెక్క కట్టమన్నాను. కొద్ది నిమిషాల్లో 0.436 వచ్చింది. కాగితాన్ని, బొమ్మను పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసి, పీడనం గడిలో 0.1 మెగాపాస్కల్ కొట్టవలసిన చోట 1 కొట్టిన సంగతి తనే పట్టుకున్నాడు. ఆ కుర్రవాడికి తెలివి లేక కాదు, శ్రద్ధ లేక కాదు. ఆ లెక్క చేయమని అంతవరకు అతన్ని ఎవరూ అడగలేదు, అంతే.

పది రెట్ల తప్పు కాబట్టి అది దొరికింది. దొరకని తప్పులు ఇంతకంటే ప్రమాదకరమైనవి. వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది వంపు నుంచి కెపాసిటెన్స్‌కు వెళ్లేటప్పుడు జరుగుతుంది. నడిమధ్య వంపు 0.44 మైక్రాన్లు కనుక ఎడం 2 నుంచి 1.56కు తగ్గిందని రాసి, సమాంతర పలకల సూత్రంలో ఆ సంఖ్యను వేసేస్తారు. పొర మొత్తం బల్లపరుపుగా కిందికి దిగితే ఆ లెక్క చెల్లుతుంది. కానీ అంచులు బిగించిన పొర అంచుల దగ్గర అసలు కదలదు. గుండ్రటి పొర అంతటి మీదా సగటు తీస్తే వచ్చే వంపు, నడిమధ్య వంపులో మూడో వంతు మాత్రమే. పొరను సన్నటి వలయాలుగా విడగొట్టి ఒక్కో వలయపు కెపాసిటెన్స్ కూడితే, మన ఉదాహరణలో 0.87 పికోఫారడ్లు 0.94 అవుతుంది, అంటే పెరుగుదల 8 శాతం. బల్లపరుపు లెక్కలో అదే 1.11 అవుతుంది, పెరుగుదల 28 శాతం! ఉన్నదానికి మూడు రెట్లకు మించిన సున్నితత్వాన్ని నివేదికలో రాసుకుని, ఆ సంఖ్యను ముగింపు అధ్యాయంలో ఘనంగా ప్రకటించి, కొన్నిసార్లు సదస్సులకు కూడా పంపుతున్నాం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వంపు సరైనదే అయినా తర్వాతి అడుగులో ఇలా పాడవుతుంది కాబట్టి దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావిస్తున్నాను.

అంచుల షరతు మరో చిక్కు. పొర అంచును పూర్తిగా బిగించకుండా కేవలం ఆధారం మీద ఆనించినట్టు పెడితే, ఇదే పాయిజాన్ నిష్పత్తికి నడిమధ్య వంపు 4.3 రెట్లు వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఇది ఒక్క క్లిక్ తేడా. మెష్, అంటే లెక్క కోసం సాఫ్ట్‌వేర్ పొరను చిన్న చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) విడగొట్టే వల, దాని విషయం కూడా అంతే. పలుచటి పొరకు మందం పొడవునా ఒకే వరుస సరళ ఎలిమెంట్లు వేస్తే అవి ఉన్నదానికంటే బిరుసుగా ప్రవర్తించి వంపును తక్కువ చూపిస్తాయి. మెష్‌ను రెట్టింపు సన్నం చేసి మళ్లీ నడిపితే జవాబు మారుతున్నదా, నిలిచిందా అన్నది తేలిపోతుంది. ఆ రెండో సంఖ్యను నివేదికలో రాసేవారు చాలా తక్కువ.

చేతి లెక్కకూ హద్దులున్నాయి, అవి విద్యార్థికి తెలియాలి. వంపు మందంతో పోల్చదగినంత పెద్దదైతే పొర వంగడమే కాక సాగుతుంది కూడా, ఆ సాగుడు పొరకు అదనపు బిగువునిస్తుంది. ఇదే వ్యాసార్ధంతో మందం 2 మైక్రాన్లున్న పొర మీద 5 కిలోపాస్కల్స్ పీడనం పెడితే సరళ సూత్రం 2.7 మైక్రాన్ల వంపు చెబుతుంది, సాగుడును కలుపుకుంటే అది సుమారు 1.9కి తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఈ సాగుడును లెక్కలోకి తెచ్చే జ్యామితీయ అరేఖీయత అనే గడిలో టిక్ పెట్టకపోతే అది కూడా సరళ సూత్రపు జవాబే ఇస్తుంది. ఇక్కడ సిమ్యులేషన్ నిజంగా అవసరం, ఇక్కడే అది చేతి లెక్కను మించి ఉపయోగపడుతుంది. ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజీ ఆకర్షణ గురించి కూడా కొందరు పెద్ద అధ్యాయం రాస్తారు. 2 మైక్రాన్ల ఎడానికి 5 వోల్టుల దగ్గర ఆ ఆకర్షణ 28 పాస్కల్స్‌కు మించదు, 100 కిలోపాస్కల్స్ ముందు అది లెక్కలోకి రాదు. ఏది వదిలేయవచ్చో నిర్ణయించుకోవడం కూడా ఇంజినీరింగ్‌లో భాగమే.

వదిలేయకూడనిది తయారీలో పొరలో మిగిలిపోయే ప్రతిబలం, అంటే లోపలి బిగువు. డప్పును మంట దగ్గర కాచి బిగిస్తే చర్మం ఎలా గట్టిపడుతుందో, తయారీ వేడి నుంచి చల్లారే క్రమంలో బిగుసుకున్న పొర కూడా అలాగే వంగడానికి మొరాయిస్తుంది. సిలికాన్ వేడికి పెరిగే రేటు డిగ్రీకి పది లక్షల్లో 2.6 వంతులు, దానికి అతికించే బోరోసిలికేట్ గాజుది 3.3 వంతులకు దగ్గర. ఈ కొద్ది తేడా చాలు పొర బిగువును మార్చడానికి. అయినా మన నివేదికల్లో ఉష్ణోగ్రత అన్న మాటే ఉండదు. ఎండాకాలంలో మన ప్రాంతంలో పరికరాల పెట్టె లోపల ఎంత వేడి ఉంటుందో అందరికీ అనుభవమే.

దీన్నే మన ఊళ్ల లెక్కలో చెబుతాను. కడప సముద్ర మట్టానికి దాదాపు 138 మీటర్ల ఎత్తున, అనంతపురం దాదాపు 335 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ప్రామాణిక వాతావరణ లెక్క ప్రకారం ఈ రెండు ఊళ్ల గాలి పీడనాల మధ్య తేడా సుమారు 2.3 కిలోపాస్కల్స్. లోపల శూన్యం ఉంచి మూసిన మన ఉదాహరణ సెన్సర్‌ను కడప నుంచి అనంతపురానికి తీసుకువస్తే డయాఫ్రమ్ నడిమధ్యన కదిలేది 10 నానోమీటర్లు. అదే సెన్సర్ లోపల శూన్యానికి బదులు మామూలు గాలి చిక్కుకుని ఉంటే, ఉష్ణోగ్రత 27 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు పెరిగినప్పుడు లోపలి గాలి పీడనం 6 కిలోపాస్కల్స్ పెరిగి డయాఫ్రమ్‌ను 26 నానోమీటర్లు పైకి నెడుతుంది. ఉన్నచోటనే ఉన్న సెన్సర్, ఒక్క మధ్యాహ్నపు ఎండకు, రెండు ఊళ్ల మధ్య ప్రయాణం కంటే రెండున్నర రెట్లు ఎక్కువ తేడా చూపిస్తుంది. మన ప్రాంతపు విద్యార్థి సిమ్యులేషన్‌లో ఉష్ణోగ్రతను చేర్చకపోతే ఇంకెవరు చేరుస్తారు?

సెన్సర్లన్నీ ఎక్కడో విదేశాల్లో తయారవుతాయి, మన పిల్లల లెక్క తప్పితే నష్టమేమిటని కొందరు అధ్యాపకులే అంటుంటారు. వారి మాటతో నేను ఏకీభవించలేను. అనంతపురం జిల్లాలో చీనీ, దానిమ్మ తోటల్లో డ్రిప్ పైపులు లేని పొలం కనబడటం కష్టం. రైతు ఫిల్టరుకు ముందొక గేజు, వెనుకొక గేజు చూసుకుంటాడు. రెండింటి మధ్య తేడా పెరిగితే ఫిల్టరు పూడుకుందని అర్థం. రైతులు కేజీ ప్రెషర్ అని చెప్పేది సుమారు 98 కిలోపాస్కల్స్, అంటే పైన నేను తీసుకున్న ఉదాహరణ పీడనానికి దాదాపు సమానం. ఫిల్టరు పూడిక తెలిపే 20 కిలోపాస్కల్స్ తేడాను మన సెన్సర్ పొరకు రెండు వైపులా ఇస్తే, కెపాసిటెన్స్‌లో మార్పు 13 ఫెంటోఫారడ్లు (ఫెంటోఫారడ్ అంటే పికోఫారడ్‌లో వెయ్యో వంతు) మాత్రమే. బల్లపరుపు లెక్క నమ్మినవాడు దాన్ని 40 అనుకుంటాడు. ఆ నమ్మకంతో వెనుక సర్క్యూట్ రూపొందిస్తే అది పొలంలో పూడికను సకాలంలో పట్టదు. పంట ఎండితే గాని ఆ సంగతి బయటపడదు. ఇంటి ముందరి తోటకు పనికివచ్చే పరికరాన్ని తయారుచేయగల పిల్లలు మన తరగతుల్లోనే కూర్చుని ఉన్నారు. వారికి మనం నేర్పుతున్నది మాత్రం రంగు బొమ్మను నివేదికలో అతికించడం.

సాఫ్ట్‌వేర్ ఖరీదైనదన్న సాకు కూడా తరచు వింటున్నాను. వాణిజ్య ప్యాకేజీల లైసెన్సులు లక్షల్లో ఉంటాయన్నది నిజమే. ఆ కారణంతో అనుమతి లేని నకళ్లు పెట్టుకుని పని కానిచ్చే అలవాటు మంచిది కాదు, అవసరమూ లేదు. ఫిన్లండ్‌కు చెందిన సి.ఎస్.సి. సంస్థ రూపొందించిన ఎల్మర్ ఉచితంగా దొరుకుతుంది. ఒకే ప్యాకేజీలో పొర వంపును, ఎలక్ట్రోడ్ల మధ్య విద్యుత్ క్షేత్రాన్ని కలిపి సాధిస్తుంది. మెష్‌కు జిమెష్, యాంత్రిక లెక్కలకు కాల్క్యులిక్స్, చేతి లెక్కను పట్టికగా మార్చడానికి ఆక్టేవ్, ఇవన్నీ ఉచితమే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను బోధనలోకి తీసుకువచ్చే పనిని ఐ.ఐ.టి. బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు చాలా ఏళ్లుగా చేస్తున్నది. గుండ్రటి పొరకు అక్షసౌష్ఠవ నమూనా (నడిమి అక్షం చుట్టూ అంతా ఒకేలా ఉంటుంది కనుక ఒక్క కోతను మాత్రమే లెక్కించేది) తీసుకుంటే లెక్క రెండు కొలతలకు తగ్గి, ల్యాబులోని పాత కంప్యూటర్ మీద కూడా సెకన్లలో ముగుస్తుంది. దాని జవాబు పక్కన చేతి లెక్క ఉన్నప్పుడే, తర్వాత చతురస్రపు పొరకు, లోపలి ప్రతిబలానికి, ఉష్ణోగ్రతకు ధైర్యంగా వెళ్లగలం. ఇంకా ముందుకు పోయి చేతితో తయారుచేసి చూడాలన్న ఉత్సాహం ఉన్నవారికి, బయటి విద్యార్థులకు కూడా తలుపులు తెరిచే నానో ఎలక్ట్రానిక్స్ కార్యక్రమం బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఉంది.

గైడ్ల మీద భారం ఎక్కువన్న సంగతి నాకు తెలియనిది కాదు. ఒక్కో అధ్యాపకుడి కింద పలు బృందాలుంటాయి, తరగతులు, అక్రెడిటేషన్ పత్రాలు, పరీక్షల విధులు వీటన్నిటి మధ్య ప్రతి సిమ్యులేషన్‌ను తెరిచి చూడటం సాధ్యం కాదు. అందుకే నేను అడుగుతున్నది కొత్త సాఫ్ట్‌వేర్ కాదు, కొత్త ల్యాబు కాదు, నివేదికలో ఒకే ఒక్క పేజీ. విద్యార్థి సొంత దస్తూరీతో నడిమధ్య వంపు లెక్క, దాని పక్కన సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంఖ్య, మెష్ రెట్టింపు చేశాక వచ్చిన సంఖ్య, చేతి లెక్కకూ సాఫ్ట్‌వేర్ సంఖ్యకూ మధ్య తేడాకు కారణం, ఇవి ఆ పేజీలో ఉండాలి. గైడ్‌కు దాన్ని చూడటానికి ఐదు నిమిషాలు చాలు. బొమ్మ కింద కొలమానం, ప్రమాణం, వంపును ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపించారన్న వివరం లేకపోతే ఆ బొమ్మకు మార్కులు వేయకూడదు.

మీ పత్రికకూ ఒక మనవి. జిల్లా పేజీలో విద్యార్థుల ప్రాజెక్టుల గురించి రాసేటప్పుడు మీ విలేకరులు ఆ పరికరం ఏ పీడనానికి ఎంత మార్పు చూపిస్తుందో, ఆ సంఖ్యను ఎలా సరిచూశారో ఒక్క వాక్యం అడిగి రాయాలి. పత్రికలో పేరు వస్తుందన్న ఆశ పిల్లలకు చాలా పెద్దది. ఆ ఆశ వారిని లెక్క వైపు నడిపించవచ్చు.

మూడు జిల్లాల కళాశాలల ప్రాజెక్టు సమీక్షా కమిటీలు వచ్చే విద్యా సంవత్సరం మొదటి సమీక్ష తేదీలు ప్రకటించేలోపే ఈ ఒక్క పేజీ నిబంధనను నివేదిక నమూనాలో చేర్చాలని, మొదటి సమీక్షలోనే దాన్ని విద్యార్థి చేత బోర్డు మీద చేయించి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
అనంతపురం